నాలుగు ఊళ్ల స్మార్ట్ సిటీ చదువు: స్కాలర్‌షిప్ వస్తే ఒక లెక్క, రాకపోతే ఇంకో లెక్క

అమెరికా వీసా కష్టమయ్యాక హైదరాబాద్ ఇళ్లల్లో యూరప్ చదువుల మాట గట్టిగానే వినిపిస్తోంది. అందులో ఎరాస్మస్ ముండస్ ఒకటి. యూరోపియన్ యూనియన్ 2004లో మొదలుపెట్టిన ఈ పథకంలో కనీసం మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి ఒకే మాస్టర్స్ కోర్సు నడుపుతాయి. విద్యార్థి ఒకచోట కూర్చుని చదవడు, దేశం మారుతూ చదువుతాడు.

స్మార్ట్ సిటీల మీద కూడా ఇలాంటి కోర్సు వచ్చింది. బెల్జియంలోని మాన్స్, స్కాట్లాండ్‌లోని హెరియట్-వాట్, గ్రీస్‌లోని ఇంటర్నేషనల్ హెలెనిక్, స్పెయిన్‌లోని బాస్క్ కంట్రీ యూనివర్సిటీలు కలిసి తయారుచేసిన రెండేళ్ల చదువు. సెన్సర్లు, డేటా, కరెంటు పొదుపు సిలబస్‌లో ఎలాగూ ఉంటాయి. అవి ఇక్కడ కూడా నేర్చుకోవచ్చు. అసలు లాభం ఊళ్లు చూడటంలోనే ఉంది.

బిల్బావ్ సంగతే తీసుకోండి. ఫ్యాక్టరీలు మూతపడి, 1983 వరదలకు మునిగిన ఊరు అది. అందరూ 1997లో వచ్చిన గుగెన్‌హైమ్ మ్యూజియం ఫొటో చూపిస్తారు గానీ, చూడాల్సింది ఖాతా పుస్తకం. 1992లో బిల్బావ్ రియా 2000 అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. సగం వాటా కేంద్రానిది, సగం బాస్క్ సంస్థలది. పాత రైల్వే, పోర్టు భూములు తీసుకుని బాగుచేసి, కొంత అమ్మి, ఆ డబ్బు మళ్లీ ఊరి పనులకే పెట్టారు. మన స్మార్ట్ సిటీ మిషన్‌లోనూ ఊరికో కంపెనీయే పెట్టారు. రాష్ట్రానికి, మున్సిపాలిటీకి చెరి సగం వాటా. కాకపోతే అది ప్రధానంగా నడిచింది గ్రాంటు మీద. కేంద్రం ఊరికి 500 కోట్ల దాకా అన్నది, రాష్ట్రం అంతే కలపాలన్నది. 2025 మార్చి 31తో మిషన్ ముగిసింది. హైదరాబాద్ బదులు జాబితాలోకి వచ్చిన కరీంనగర్ అయినా, వరంగల్ అయినా, పెట్టిన కెమెరాల, లైట్ల మెయింటెనెన్స్ ఖర్చు ఇకపై ఎక్కడి నుంచి తేవాలి? ఈ ప్రశ్న వేయడం వచ్చిన పిల్లలు మన మున్సిపాలిటీలకు కావాలి.

థెస్సలొనీకిలో ఇంకో పాఠం ఉంది. మెట్రో కాంట్రాక్టు 2006లో కుదిరితే రైలు నడిచింది 2024 నవంబర్ 30న. తవ్వుతుంటే పాత రోడ్డు, బజారు బయటపడ్డాయి. వాటిని ఏం చేయాలన్న గొడవ ఏళ్ల తరబడి సాగింది. 2020లో ఎంజీబీఎస్ దాకా వచ్చి, పాతబస్తీలోకి మాత్రం వెళ్లని మెట్రో కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఇక ఇంటి లెక్క. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1400 యూరోలు, అంటే లక్ష రూపాయలకు పైనే, 24 నెలల దాకా ఇస్తారు. బాగానే ఉంది. కానీ టికెట్లు, వీసాలు, రూమ్ అడ్వాన్సు అన్నీ అందులోంచే. పైగా మొదటి డబ్బు చేతికొచ్చేది సాధారణంగా అక్కడ చేరాకే. యూరప్‌లో 90 రోజులు దాటితే షార్ట్ స్టే షెంగెన్ వీసా చాలదు. బ్రిటన్ వీసా పూర్తిగా వేరు. ఊరు మారినప్పుడల్లా కొత్త అడ్వాన్సు, కొత్త కాగితాలు. స్కాలర్‌షిప్ లేకుండా సీటు మాత్రమే వస్తే ఫీజు కూడా నెత్తిన పడుతుంది. సీటు వచ్చిందని మిఠాయిలు పంచేముందు ఆ లెటర్‌లో స్కాలర్‌షిప్ అన్న మాట ఉందో లేదో చూసుకోవాలి.

తెలంగాణ మైనారిటీ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇక్కడ ఆదుకోవాలి. 20 లక్షల దాకా ఇచ్చే ఈ పథకం వందలాది ఇళ్లకు ఆసరా అయింది. అయితే దాన్ని తయారుచేసింది ఒక దేశం, ఒక యూనివర్సిటీ, ఒక అడ్మిషన్ లెటర్ అన్న ఆలోచనతో. జాబితా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లతో మొదలైంది, తర్వాత జర్మనీ, జపాన్ లాంటివి చేరాయి. డబ్బు రెండు విడతల్లో వస్తుంది: ఆ దేశంలో దిగాక ఒకటి, మొదటి సెమిస్టర్ రిజల్ట్ చూపించాక రెండోది. మొదటి సెమిస్టర్ ఒక దేశంలో, రెండోది ఇంకో దేశంలో చదివే పిల్లను ఏ దేశం కింద రాసుకుంటారు? నాలుగు యూనివర్సిటీల ఉమ్మడి అడ్మిషన్‌ను ఒకే అడ్మిషన్‌గా లెక్కించాలని ఒక్క సవరణ చేస్తే సర్కారుకు పైసా అదనపు ఖర్చు లేదు. అప్పటిదాకా అప్లై చేసేవాళ్లు మైనారిటీ సంక్షేమ ఆఫీసులో రాతపూర్వకంగా అడగడం మేలు. ఈ కోర్సుల దరఖాస్తులు ఎక్కువగా అక్టోబర్, జనవరి మధ్యే ముగుస్తాయి.