అన్నవరం దేవస్థానం ఈవో గారికి బహిరంగ లేఖ

అయ్యా,

వైశాఖ శుద్ధ ఏకాదశి, సత్యదేవుని కల్యాణం దగ్గరపడుతోందంటే మా కోనసీమ వాళ్ల మనసు ముందే రత్నగిరి మెట్లెక్కుతుంది. స్వామి క్షమించాలి, నా ఎదురుచూపు సగం హరికథ కోసమే. కపిలేశ్వరపురంలో 1973లో మొదలైన సర్వరాయ హరికథా పాఠశాలలో చదివిన అమ్మాయి గజ్జె కట్టి, చిడతలు పట్టి నిలబడిందంటే ప్రసాదం కూడా గుర్తురాదు! ఆపైన గరగలు, బుర్రకథ, డోలు సన్నాయి. సినిమా పాటల విభావరి ఎక్కడైనా దొరుకుతుంది, ఇవి దొరకవు.

అందుకే ఈ మనవి. ఏ రోజు, ఏ వేళ, ఎవరి కథో వారం ముందే చాటించండి. హరికథను ఎండ వేళ కాకుండా పొద్దువాలాక పెట్టించి, మంగళం పాడేదాకా వేదిక వాళ్లకే వదిలేయండి.

ఇట్లు,
ఓ కోనసీమ శ్రోత