హాస్టల్లో అల్లికల క్లబ్బు పెడదాం, ధర మాత్రం మనమే చెబుదాం

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

పాడేరు వైపు మా హాస్టల్లో ఊలు అల్లికల క్లబ్బు పెడదామని కొంతమందిమి అనుకుంటున్నాం. ముందు క్రోషే, అంటే ఒక్క కొక్కెం సూదితో అల్లేది. రెండు పుల్లలతో అల్లే నిట్టింగ్ తర్వాత. ఈ సంగతి బయటికి పొక్కగానే రెండు రకాల మాటలు వచ్చాయి. ఒకటి, "ఏటే, డిగ్రీ చదవడానికొచ్చి ఊలు అల్లుకుంటారా? డీఎస్సీకో గ్రూప్స్‌కో చదువుకోండి." రెండోది, "చాలా మంచిది, గిరిజన ఆడపిల్లలకి స్వయం ఉపాధి!" నాకు మొదటి మాట కన్నా రెండో మాటంటేనే ఎక్కువ భయం.

ముందు మొదటిదానికి జవాబు చెప్తాను. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. చదువు విలువ నాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మేం అడుగుతున్నది ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. పరీక్షల నెలలో అదీ వద్దు. ఫస్టియర్‌లో చేరే చెల్లెళ్ళని చూడండి. ఇంట్లో కువి, లేదంటే ఆదివాసీ ఒడియా. ఇక్కడ క్లాసులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మొదటి మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడరు. కొందరు సంక్రాంతికి ఇంటికెళ్ళి మరి తిరిగి రారు. పదిమంది గుండ్రంగా కూర్చుని చేతులతో పని చేస్తుంటే మాట దానంతట అదే వస్తుంది. ఆ ఒక్క లాభం చాలు నాకు.

ఇంకో సంగతి చలి. లంబసింగిలో సున్నా డిగ్రీల దగ్గరికి పడిపోయిన రోజులున్నాయి. ఆ మంచు చూడ్డానికి టూరిస్టులు స్వెటర్లు, మంకీ క్యాపులు వేసుకుని కార్లలో వస్తారు. అదే పొద్దున్న ఆశ్రమ పాఠశాలల్లో మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తువ్వాలు తలకి చుట్టుకుని చన్నీళ్ళ దగ్గర లైన్లో నిలబడతారు. మనలో చాలామంది అలా నిలబడినవాళ్ళమే.

ఇప్పుడు రెండో మాట. స్వయం ఉపాధి అనగానే నాకు నరసాపురం గుర్తొస్తుంది. పశ్చిమ గోదావరిలో క్రోషే లేసుకి పేరున్న ఊరు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పారు. ఆ లేసు విదేశాలకి వెళ్తుంది, 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడ తిరిగి చూసి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. ఆడవాళ్ళు ఇంటి చాకిరీ చేసుకుంటూనే రోజుకి 6 నుంచి 8 గంటలు లేసు అల్లేవారు. అయినా వాళ్ళని కార్మికులు అనలేదు. గృహిణులు, తీరిక వేళల్లో చేసుకుంటున్నారు అన్నారు. తీరిక పని అనేశాక కూలి ఎంత ఇచ్చినా ఎక్కువే అయిపోతుంది. ఏజెంటు బాగుపడ్డాడు, ఎగుమతి చేసేవాడు బాగుపడ్డాడు, అల్లిన చేతికి చిల్లర మిగిలింది.

ఈ కథ మనకి కొత్తా? సంతకి చింతపండు, అడ్డాకులు మోసుకెళ్ళిన అమ్మకి ధర ఎవరు చెప్తారు? తూకం ఎవరిది? ఊలు విషయంలోనూ అదే జరగదని ఎవరైనా చెప్పగలరా?

చిన్న లెక్క వేద్దాం. ఒక టోపీకి ఊలు 80 రూపాయలు, కొత్తవాళ్ళు అల్లడానికి 6 గంటలు అనుకుందాం. ఎవరో వచ్చి, "బాగుంది, ఒక్కోటి 140కి తీసుకుంటాం, వంద కావాలి" అంటారు. వినడానికి 14 వేలు! కానీ ఊలు పోను టోపీకి మిగిలేది 60. గంటకి 10 రూపాయలు, 8 గంటలకి 80. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 300. ఆ కూలి గిట్టాలంటే టోపీ 305కి అమ్మాలి. అంత పెట్టి ఎవరు కొంటారంటే, ఎక్కువమంది కొనరు. మిషన్ మీద అల్లిన టోపీ బజార్లో అంతకన్నా చవక. అందుకే అమ్మకం మన మొదటి పని కాకూడదు.

మన పక్కనే ఒడిశాలో నియంగిరి డోంగ్రియా కోందుల శాలువా ఉంది, కపడాగండా. అది అల్లిక కాదు, గుడ్డ మీద కుట్టే పని. ఆ త్రికోణాలు వాళ్ళ కొండలు. అమ్మాయిలు అన్నదమ్ములకో, మనసుకి నచ్చినవాడికో ఇవ్వడానికి కుట్టారు. బజారు తర్వాత వచ్చింది. మనమూ ముందు మనవాళ్ళకే అల్లుదాం.

అందుకే నా ప్రతిపాదన ఇది. మొదటి టోపీ ఎవరిది వాళ్ళకే, వంకరగా వచ్చినా సరే. రెండోది ఆశ్రమ పాఠశాలలో ఒక తమ్ముడికో చెల్లికో. ఊలు అందరం కలిసి కొందాం. రిజిస్టరులో ఊలు ఖర్చే కాదు, పట్టిన గంటలు కూడా రాద్దాం. ఎప్పుడైనా అరకు టూరిస్టులకి అమ్మాలనుకుంటే ఆ గంటలు కలిపే ధర చెప్పాలి. క్రోషే మిషన్ మీద రాదు, చేత్తోనే రావాలి, ఆ మాట కొనేవాళ్ళకి తెలియాలి. పెద్ద ఆర్డరు వస్తే అందరం కూర్చుని ఒప్పుకోవాలి, ఒక్కరే సంతకం పెట్టకూడదు.

నేర్చుకునేవాళ్ళకి ఒక జాగ్రత్త. వీడియోల్లో అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. అది తెలియకపోతే టోపీ బుట్టంత అవుతుంది. మనం గొలుసు, పొట్టి కుట్టు, పొడుగు కుట్టు అని మన పేర్లు పెట్టుకుందాం. కువిలో పేర్లు పెట్టగలిగినవాళ్ళు పెట్టండి.

మగపిల్లలూ రావాలి. ఊళ్ళో నులక మంచం అల్లేది నాన్నలు, చేపల వల అల్లేది మావయ్యలు. ఊలు దగ్గరికొచ్చేసరికి అది ఆడపని ఎలా అయింది? ఆడవాళ్ళ పని అని ముద్ర పడిందంటే రేపు తీరిక పని అని కూడా అంటారు. నరసాపురంలో జరిగింది అదే.

మా ఊళ్ళో ఒకసారి బయటివాళ్ళు కుట్టు శిక్షణ పెట్టారు. నెల నేర్పి, సర్టిఫికెట్లతో ఫొటో దిగి, మిషన్లు వ్యాన్లో ఎక్కించుకుని వెళ్ళిపోయారు. మా పిన్ని దగ్గర సర్టిఫికెట్ ఉంది, మిషన్ లేదు. కొక్కెం సూది అలా కాదు, జేబులో పడుతుంది, మనదగ్గరే ఉంటుంది.

వార్డెన్‌ని ఆదివారం డైనింగ్ హాలు అడుగుతున్నాం. మీ హాస్టళ్ళలో క్రోషే వచ్చిన అక్కలు, అన్నలు ఉంటే చెప్పండి. ఇది వద్దు అనేవాళ్ళు కూడా ఎందుకు వద్దో రాయండి, జవాబిస్తాను. డిసెంబరు చలి మొదలయ్యేలోపు ఇరవై టోపీలు అవ్వాలి.