తుళ్లూరుకు మార్చి వారోత్సవం చాలదు

జాతీయ భద్రతా మండలి 1966 మార్చి 4న ఏర్పడింది. అందువలననే ఏటా ఆ తేదీన భద్రతా దినోత్సవమూ, దానితో మొదలయ్యే వారోత్సవమూ జరుపుతున్నారు. జెండా ఎగురవేస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, నినాదాల పోటీకి బహుమతులిస్తారు. కర్మాగారాలకు దానివలన మేలు కలిగితే సంతోషమే. కాని తుళ్లూరు ప్రాంతంలో ఒకవైపు పత్తి, మిరప చేలు, మరొకవైపు రాజధాని కట్టడాలు ఉన్నాయి. ఈ రెండు చోట్ల పనిచేసేవారికి మార్చి మొదటి వారం ఏ గండాన్నీ తప్పించదు.

మార్చి నాటికి మిరప కోతలు సాగుతుంటాయి. పురుగుమందు ఉద్ధృతంగా కొట్టేది అంతకు ముందు, ఆశ్వయుజ కార్తీక మాసాలలో. ఆర్గానోఫాస్ఫేటు మందులు నోటిద్వారానే కాక చర్మంద్వారా కూడా ఒంటిలోకి చేరుతాయి. తడిసిన చొక్కాతో సాయంత్రం వరకు మందు కొట్టిన కూలీకి చెమటలు, వాంతులు, నోట చొంగ, చివరకు ఊపిరాడకపోవడం వస్తాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. రక్తంలో కోలినెస్టరేజ్ పరిమాణాన్ని సీజనుకు ముందొకసారి, నడుమ మరొకసారి పరీక్షిస్తే ముప్పు ముందే తెలుస్తుంది. దినకూలీకి ఆ పరీక్ష ఎవరు చేయిస్తున్నారు?

కట్టడాల సంగతి ఇంకొకటి. రాజధాని పనులు 2025 మే 2న తిరిగి ప్రారంభమయ్యాయి, సరిగ్గా ఎండలు ముదిరే వేళ. 2015 వేసవిలో మన రాష్ట్రంలో వేడిగాలులకు వెయ్యిమందికి పైగా మరణించారన్నది మరువరానిది. ఎండకు శరీరం అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కొత్తగా పనిలో చేరినవానికే వడదెబ్బ ముప్పు ఎక్కువ. అందుకే అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్, కొత్తవానికి మొదటిరోజు ఎండలో ఐదవ వంతు పనే ఇచ్చి, రోజుకు మరొక ఐదవ వంతు చొప్పున పెంచమంటుంది. దూరప్రాంతం నుండి రైలు దిగిన కుర్రవాణ్ణి మర్నాడే పూర్తి పనికి ఎక్కించే మేస్త్రీకి ఈ మాట చెప్పినవారెవరు?

“కూలీలకు అవగాహన లేదు” అన్న వాదం నాకు మింగుడుపడదు. మిట్టమధ్యాహ్నం రబ్బరు తొడుగులు, మాస్కు వేసుకొని పది ట్యాంకులు కొట్టడం ఎవరికి సాధ్యం? నీడలో కూర్చున్న గంటకు కూలి కోస్తే ఎవడు కూర్చుంటాడు? తెలియక కాదు, గడవక. అవగాహన కావలసినది కూలి ఇచ్చేవానికి.

వారోత్సవం ఇక్కడ రెండుసార్లు జరగాలి: ఏప్రిల్‌లో కట్టడాల వద్ద, హిందీ ఒడియా భాషలలో కూడా, మందు కొట్టే కాలానికి ముందు పల్లెలలో. నినాదాల పోటీకి బదులు రక్తపరీక్ష, నీడ పందిరి, ఉప్పు చక్కెర కలిపిన నీరు, కూలి కోయని విశ్రాంతి కావాలి. డబ్బు లేదనడానికి వీల్లేదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికని కట్టడపు వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేస్తూనే ఉన్నారు. మందు కొట్టే కూలీకి ఆ పాటి నిధి కూడా లేదు. దానికి సమాధానం వ్యవసాయశాఖ చెప్పాలి.