ఉప్పు ఎక్కడి దాకా వచ్చింది?

పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత గోదావరి జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. సముద్రంలో వున్నంతకాలం అది వట్టి ఇలసే. యెర్రనీరు రాగానే గుడ్లు పెట్టటానికి నదికి యెదురీదుతుంది. అప్పుడుగాని పులస కాదు. ఉప్పు యెక్కడ ఆగిందో, తీపి యెక్కడ మొదలయిందో ఆ చేపకు తెలుసు. భూమి వేడెక్కటం మూలాన ఆ హద్దు యెంత జరిగిందో కనుక్కోవటానికి, డాక్టరేటు పుచ్చుకున్నవారు కూడా మళ్ళీ రెండు మూడేళ్ళు పడవలెక్కి తిరుగుతున్నారు.

యానాం దిగువన గౌతమినే చూడండి. నదినీరు తేలిక, సముద్రపునీరు బరువు. అందుచేత పైన తియ్యనీరు దిగువకు పోతూంటే, అడుగున వుప్పునీరు యెగువకు చొచ్చుకు వస్తుంది. వరద రోజుల్లో నది దాన్ని గెంటివేస్తుంది. మాఘం దాటి, ధవళేశ్వరం కిందికి వదిలే నీరు సన్నగిల్లితే ఉప్పుకు యెదురు లేదు. పైగా రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పొద్దున కొలిచిన ఉప్పు మధ్యాహ్నానికి వుండదు! అటువంటి చోట నూరేళ్ళ మార్పును పట్టుకోవాలి.

ఆ మార్పు స్వల్పమూ కాదు. 1901 నుంచి 2018 లోపల ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు, అంటే యించుమించు జానెడు, పెరిగింది. భూమిమీద పోగవుతున్న అదనపు వేడిలో నూటికి 90 పాళ్ళు సముద్రమే దిగమింగుతున్నది. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 9 మిల్లిగ్రాములు పట్టేది, 30 డిగ్రీల దగ్గర యేడున్నరే పడుతుంది. (పొయ్యిమీది నీరు మరగకముందే గిన్నె అంచున చిన్న బుడగలు పట్టటం గృహిణులు రోజూ చూసేదే, అది కరిగివున్న గాలి బయటపడటం.) పైనీరు వేడెక్కి మరింత తేలికయితే అడుగునీటితో కలవదు. అడుగున వున్న జీవాలకు వూపిరి సలపదు. అమెరికాలోని చెసపీక్ అఖాతానికి ప్రతి వేసవిలోనూ యీ బాధే. అక్కడ పొలాల నుంచి కొట్టుకు వచ్చే యెరువులు మొదటి ముద్దాయి. వేడి దానికి తోడుదొంగ.

అసలు చిక్కంతా ముద్దాయిని పట్టుకోవటంలోనే వుంది. గోదావరి మొగలో ఉప్పు పెరిగిందనుకోండి. సముద్రం పెరగటంవల్లనా? 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట మొదలు యెగువనున్న జలాశయాలన్నీ నీటిని ఆపటంవల్లనా? ఒండ్రు రాక డెల్టాయే కుంగుతున్నదా? రొయ్యల చెరువులా? తిలాపాపం తలా పిడికెడు అన్నారు. యెవరి పిడికిట్లో యెంత వుందో తేల్చటమే పరిశోధకుడి పని. నేరమంతా సముద్రంమీద మోపితే యెవరికీ ఖర్చు లేదు, సముద్రం కోర్టుకు రాదుగదా! కాని ఉప్పాడలో యిల్లు కోతకు పోయినవాడికీ, కోనసీమలో బావినీరు ఉప్పనయిన యిల్లాలికీ ఆ వాటాలు తెలియాలి. గట్టు కట్టాలో, నీరు వదలాలో తేలేది వాటినిబట్టే.

రెండేళ్ళ కొలతలతో యిది తెమలదు. ఒక యేడు వరద, మరో యేడు కరువు. అందుకే పాత లెక్కలు బంగారం. 1952లో వాల్తేరు వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు లఫాండ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం వారితో కలిసి విశాఖ తీరాన నీటి వేడి, ఉప్పు కొలిపించి అచ్చువేయించారు. అటువంటివి మనకు యింకా కావాలి. కంప్యూటరులో ఒక ఉత్తుత్తి నదిని పారించి, ఒకసారి ఆనకట్టలు తీసివేసి, ఒకసారి సముద్రాన్ని జానెడు దించి చూస్తారు. అది చెప్పింది నిజమో కాదో తేలాలంటే మళ్ళీ పడవెక్కి సీసాలో నీరు పట్టవలసిందే. ఈలోగా వుద్యోగపు గడువు తీరుతుంది. ఆ అబ్బాయో అమ్మాయో నోటుపుస్తకం తరువాత వచ్చేవారికి అప్పగించి, మరో వూరికి రైలెక్కుతారు.