నలభై దాటిన కూలీకి పని నేర్పేదెవరు?

రావికమతం : చెరకు తోటలను, బెల్లం గానుగలను నమ్ముకొని బతికిన కూలీలకు మరో పని నేర్పవలసిన అవసరం ఏటేటా పెరుగుతున్నది. ఇందుకు పథకాల కొరత లేదు. అయితే వాటిలో చాలా భాగం ఇరవై ఏళ్ల కుర్రవాడిని దృష్టిలో పెట్టుకొని తయారైనవి కావడమే చిక్కు. పెళ్లాం బిడ్డలు, గొడ్డూ గోదా వున్న నలభై ఏళ్ల కూలీ ఆ లెక్కల్లో సరిగా ఇమడడం లేదు.

రావికమతం మండలం 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. చోడవరం, బుచ్చెయ్యపేట, రావికమతం ప్రాంతాల్లో చిరకాలంగా చెరకే కూలీలకు అన్నం పెట్టింది. నాటడం, కలుపు తీయడం, జడ చుట్టడం, నరకడం, గానుగాడడం, బెల్లం వండడం ఇలా ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒక పని దొరికేది. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి. గోవాడ ఫ్యాక్టరీ కూడా ఆర్థిక ఇబ్బందుల్లో చిక్కుకున్నది. జిల్లాలో చెరకు విస్తీర్ణం బాగా తగ్గింది. కొందరు రైతులు సరుగుడు వైపు మళ్లారు. సరుగుడు ఒకసారి నాటి నిలదొక్కుకుంటే నరికే దాకా నాలుగైదేళ్లు కూలీలతో పెద్దగా పని వుండదు. రైతుకు పంట మారింది. కూలీకి మాత్రం పనే పోయింది.

పాత అనుభవం

పల్లెవాసులకు పని నేర్పే ప్రయత్నం కొత్తది కాదు. 1979 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం ‘ట్రైసెం’ పథకాన్ని ప్రారంభించింది. 18 నుంచి 35 ఏళ్ల లోపు పేద కుటుంబాల యువతీ యువకులకు స్వయం ఉపాధి కోసం శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. దేశమంతటా లక్షలాది మంది శిక్షణ పొందినప్పటికీ, వారిలో చాలామంది నేర్చిన పనిలో నిలదొక్కుకోలేకపోయారని తర్వాత జరిగిన పరిశీలనల్లో తేలింది. పని నేర్పినవారు అప్పు ఇప్పించలేదు. అప్పు దొరికినచోట సరుకు కొనేవారు లేరు. 1999 ఏప్రిల్ 1 నుంచి ఆ పథకాన్ని స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిపివేశారు.

2014లో వచ్చిన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్ యోజన కూడా ప్రధానంగా 15 నుంచి 35 ఏళ్లవారికి ఉద్దేశించినదే. మహిళలకు, మరికొన్ని వర్గాలకు మాత్రం 45 ఏళ్ల దాకా సడలింపు ఇచ్చారు. బ్యాంకుల ఆధ్వర్యంలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో భోజనం, వసతి ఉచితం. అక్కడే వుండి నేర్చుకోవాలి. కుర్రకారుకు ఇది మంచి అవకాశం. ఇంటి బరువు మోసేవాడికి మాత్రం అంత సులభం కాదు.

పోయిన కూలి ఎవరిస్తారు?

2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రేటు రోజుకు 307 రూపాయలు. నెల రోజులు శిక్షణకు వెళితే ఆ రేటు చొప్పున 9,210 రూపాయలు వదులుకున్నట్లే. శిక్షణ శిబిరంలో అతనికి అన్నం పెడతారు. ఇంటిదగ్గర వున్న నలుగురికి ఎవరు పెడతారు? పశువుకు మేత ఎవరు వేస్తారు? ‘పల్లెలవారికి నేర్చుకోవాలనే ఆసక్తి లేదు’ అనడానికి ముందు ఈ లెక్క వేసుకోవలసి వున్నది.

ఈ సంగతిని గుర్తించిన పథకం ఒకటి లేకపోలేదు. 2020లో అమలులోకి వచ్చిన ‘ఉన్నతి’ పథకం కింద, ఏడాదిలో వంద రోజుల ఉపాధి పని పూర్తిచేసిన కుటుంబం నుంచి 18-45 ఏళ్ల మధ్య వయసుగల ఒకరికి శిక్షణ ఇవ్వాలని నిర్ణయించారు. ఆ రోజులకు కూలి రేటుతో సమానమైన భృతి వంద రోజుల దాకా చెల్లించాలన్నారు. శిక్షణ రోజును పని రోజుగా లెక్కకట్టడం ఇందులోని విశేషం. అయితే దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం 2 లక్షల మంది మాత్రమే. ఇంత పెద్ద దేశంలో అది ఏ మూలకు?

ఇదిలా వుండగా ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు 2025 డిసెంబరులో కొత్త చట్టాన్ని ఆమోదించింది. వంద రోజుల హామీని అందులో 125 రోజులు చేశారు. ఆ రోజుల్లో కొన్నింటిని పని నేర్చుకునేందుకు వాడుకోనిస్తారా అన్నదే కూలీలకు ముఖ్యమైన ప్రశ్న.

వృత్తి వుండీ జాబితాలో లేనివారు

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, తాపీమేస్త్రీ, దర్జీ మొదలైన 18 వృత్తులవారు అర్హులు. కాగా చెరకు కూలీ, బెల్లం వండేవాడు ఆ 18లో లేరు. మంట ఎంత వుండాలో, రసంలో సున్నం ఎంత వేయాలో, పాకం ఏ క్షణాన దించాలో తెలిసిన మనిషికి పనితనం లేదనగలమా? అనకాపల్లిలో 1913 నుంచి చెరకు పరిశోధన జరుగుతున్నది. బెల్లం పొడి వంటి కొత్త రకాల తయారీపైనా అక్కడ కృషి జరిగింది. ఆ విద్య గానుగ దగ్గరి కూలీ దాకా రావాలి.

ఏటికొప్పాక పాఠం

పెద్దవారికి పని నేర్పితే ఫలితం వుంటుందనడానికి ఇదే జిల్లాలోని ఏటికొప్పాక నిదర్శనం. అంకుడు కర్రతో బొమ్మలు చేసే కళాకారులు ఒక దశలో రసాయన రంగులకు అలవాటుపడ్డారు. అదే గ్రామానికి చెందిన సి.వి. రాజు వారితో కలిసి పనిచేసి, గింజలు, వేళ్లు, బెరళ్ల నుంచి రంగులు తీసే పద్ధతిని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో రాజుకు పద్మశ్రీ ప్రకటించారు. అక్కడ కళాకారుడు ఇల్లు విడిచి పోలేదు. తెలిసిన పని మీదనే కొత్త పని నేర్చాడు. చేసిన సరుకుకు బజారు వుంది. ట్రైసెంలో లోపించినది ఇదే.

ప్రాణాల ప్రశ్న

పల్లెల్లో పని లేక ఫ్యాక్టరీల బాట పడుతున్నవారికి శిక్షణ మరో విధంగానూ అవసరం. అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో 2024 ఆగస్టు 21న జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. కోటవురట్ల మండలం కైలాసపట్నం బాణసంచా కేంద్రంలో 2025 ఏప్రిల్ 13న జరిగిన పేలుడుకు 8 మంది బలయ్యారు. భద్రతకు బాధ్యత యాజమాన్యాలదే. అయినా తాను ముట్టుకుంటున్న పదార్థమేమిటో, ఎప్పుడు పరుగెత్తాలో తెలియని మనిషిని నిన్న పొలం నుంచి తెచ్చి నేడు పనిలో దింపడం ఎంతమాత్రం తగదు.

నాట్లు అయ్యాక కోతలకు ముందు కొన్ని వారాలు పల్లెల్లో పని తగ్గుతుంది. ఆ రోజుల్లో మండల కేంద్రంలోనే, సాయంత్రానికి ఇల్లు చేరేలా తరగతులు పెట్టవచ్చు. పొరుగున కొండెంపూడిలో కృషి విజ్ఞాన కేంద్రం వుండనే వున్నది. శిక్షణ దినాలకు కూలి కట్టి ఇచ్చి, వయసు పట్టింపు సడలించి, ఇప్పటికే తెలిసిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇస్తే నలభై దాటినవాడూ ముందుకు వస్తాడు. కూలీకి కావలసింది జాలి కాదు. పోయిన పని స్థానంలో మరో పని. ఈ దిశగా అధికారులు, ప్రజాప్రతినిధులు ఆలోచించవలసిన తరుణమిది.