బంక కారే నిమ్మకి కార్బెండజిమ్ పోయించేదెవరు?

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. కోపమొస్తే కింద తిట్టండి, పర్లేదు.

విజయవాడ ఆటోనగర్‌కి ట్రాక్టర్ తీసుకెళ్తాం. నల్లపొగ వస్తోందంటే మెకానిక్కు ముందు స్టార్ట్ చేయించి వింటాడు, నాజిల్ చూస్తాడు, ఆ తర్వాతే పార్టుల లిస్టు రాస్తాడు. చూడకుండానే ఇంజను దించేస్తానంటే బండి వెనక్కి తిప్పుకొచ్చేస్తాం. అదే మందుల కొట్టుకెళ్ళి "నిమ్మచెట్టు పసుపెక్కుతోందండీ" అంటే చాలు, మూడు డబ్బాలు బల్ల మీదకొస్తాయి. మనం మారు మాట్లాడకుండా డబ్బులు తీస్తాం. ఆయన ఆకు చూళ్ళేదు, మొదలు చూళ్ళేదు, వేరు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఫంగస్ అనే ఒక్క మాట కింద వేరువేరు జబ్బుల్ని కలిపేశారు. అక్కడే మన డబ్బులు పోతున్నాయి.

మొదట్లో బెరడు పగిలి బంక కారుతుందే, అది ఫైటోఫ్తోరా పని. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటని కుళ్ళబెట్టి ఊళ్ళకి ఊళ్ళని కరువులో ముంచింది దీని దాయాదే. శాస్త్రం లెక్కన ఇది అసలు శిలీంధ్రమే కాదు, నీటిబూజు. అందుకే కార్బెండజిమ్ ఎన్నిసార్లు పోసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మెటలాక్సిల్ కలిసిన మందో, ఫోసెటైల్ అల్యూమినియమో కావాలి. కార్బెండజిమ్‌కి పని ఉన్నది ఫ్యుసేరియం వల్ల వచ్చే ఎండు వేరుకుళ్ళు దగ్గర. ఇక ఆకుల మీద, కాయల మీద పసుపు అంచుతో గరుకు మచ్చలు వేసే గజ్జి అయితే బ్యాక్టీరియా. దానికీ కార్బెండజిమే ఇస్తున్నారంటే ఏమనాలి? మచ్చల కాయని తెనాలి మార్కెట్‌కి తీసుకెళ్తే ధర ఎంత తెగ్గోస్తారో మీకు నేను చెప్పాలా?

కొట్టువాళ్ళనే అని ఊరుకుంటే అన్యాయం. మన నల్లరేగడిలో నీళ్ళు ఒక పట్టాన ఇంకవు. అయినా వరికి పెట్టినట్టు నిమ్మపాదుల్లో మొదలు మునిగేలా కాలవ నీళ్ళు వదిలేస్తున్నాం. నీటిబూజుకి అంతకంటే పండగేముంది! కాండం చుట్టూ మట్టి ఎగదోసి, దాని బయట రెండో గట్టు వేసి, నీళ్ళు ఆ రెండు గట్ల మధ్యే పారించాలి. కొమ్మల నీడ కింద రోటవేటర్ లోతుగా తోలితే వేర్లు తెగుతాయి, ఆ గాయాల్లోంచే వేరుకుళ్ళు దూరుతుంది. మళ్ళీ అవే బ్లేడ్లు అరిగాయని ఆటోనగర్లో కొత్తవి వేయించుకొస్తాం!

బోర్డో పేస్టు చెప్తే "అది పాతకాలం మందండీ" అని నవ్వుతారు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్ళు. విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, తర్వాత ఒకటి చేయాలి. ఇనప గిన్నె వద్దు. కలిపాక చాకు ముంచి చూడండి, ఎర్రటి పూత పడితే సున్నం చాల్లేదని. బంక ఉన్నచోట చెడిన బెరడు బాగున్న బెరడు దాకా చెక్కేసి, మొదలు నుంచి రెండు మూడడుగులు పూయాలి. వానలకి ముందొకసారి, వానలు వెళ్ళాక ఇంకోసారి. చిల్లర పని, కూలీ దొరకదు, నిజమే. కానీ పదేళ్ళ చెట్టు చచ్చాక మళ్ళీ మొక్క పెట్టి కాపుకొచ్చేదాకా కూర్చోవడానికి ఎంత ఖర్చవుతుందో ఒక్కసారి లెక్కేయండి.

మందు కొంటే బిల్లు తీసుకోండి. లేబుల్ మీద మన పంట పేరు, ఆ తెగులు పేరు ఉన్నాయో లేదో చదివించుకోండి. "అవన్నీ ఎందుకు, నేను చెప్తున్నాగా" అనే కొట్టులోంచి లేచి వచ్చేయండి.

ఇక "చెట్టు పసుపెక్కింది, ఏం కొట్టాలి" అని ఆకు ఫోటో ఒక్కటే పెట్టేవాళ్ళకి నేను జవాబు రాయను. గునపంతో పాదు పక్కన జానెడు తవ్వి వేరు తీయండి, వాసన చూడండి. మొదలు ఫోటో, వేరు ఫోటో పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.