మన పసుపు పైసలు ఎవరికి పెట్టుబడి?



మార్చి వచ్చిందంటే ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్, జక్రాన్‌పల్లి ఊళ్లలో పసుపు పైసలు చేతికి రావడం మొదలవుతుంది. జూన్‌లో నాటిన పంటను తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి, నిజామాబాద్ యార్డుకు తోలితే వచ్చిన పైసలు అవి. మళ్లీ జూన్‌కు విత్తనం, పశువుల ఎరువు, డీఏపీ, కూలీలు కావాలి. అంటే మార్చి నుంచి జూన్ దాకా మూడు నెలలు ఆ పైసలు ఎక్కడో ఒక చోట ఉండాలి. ఆ మూడు నెలలు అవి ఎవరి కోసం పనిచేస్తున్నాయి? ఈ నెల ఈ ప్రశ్న మీ ముందు పెడుతున్నాం.

మన పైసలు ఉండే చోట్లు మనకు తెలియనివి కావు. మొదటిది అడ్తి దుకాణం. "సేటు దగ్గరే ఉండనీ, జూన్‌లో తీసుకుందాం" అంటాం. చీటీ ముక్క మీద రాసిన లెక్క తప్ప చేతిలో ఏ కాగితమూ ఉండదు. ఆ నమ్మకం విలువ ఎంతో ఆర్మూర్‌కు ఎవరూ చెప్పనక్కర లేదు. ఎర్రజొన్న కొన్న వ్యాపారులు పైసలు ఇవ్వకపోతే 2008లో ఈ పట్టణం రోడ్డెక్కింది, తూటాలు చూసింది. ఆ బాకీ తీరడానికి 2014 దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా వ్యాపారి జేబు నుంచి కాదు, సర్కారు ఖజానా నుంచి.

రెండోది చిట్టీలు, "నెలకు ఇంత" అని ఆశ చూపే కంపెనీలు. అగ్రిగోల్డ్ పేరు మరిచిపోయే ఊరు రెండు తెలుగు రాష్ట్రాల్లో లేదు. లక్షలాది కుటుంబాల డిపాజిట్లు అందులో ఇరుక్కుపోయాయి. పేరు మార్చుకుని అలాంటివి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. గల్ఫ్‌లో ఎండకు ఎండి కొడుకులు పంపిన పైసలు ఇలాంటి వాటికే ముందుగా పోతున్నాయి.

మూడోది బ్యాంకు సేవింగ్స్ ఖాతా. భద్రంగానే ఉంటుంది. కానీ పెద్ద బ్యాంకులు చాలావరకు దాని మీద ఇచ్చే మిత్తి సాలుకు 2.5 శాతం. ఆ పైసలతో బ్యాంకు ఏం చేస్తుంది? ప్రతి నూరు రూపాయల డిపాజిట్‌కు కనీసం 18 రూపాయలు సర్కారు పత్రాలు, బంగారం, నగదు రూపంలో ఉంచాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆచరణలో అది దాదాపు అంతా సర్కారు పత్రాలే. మిగిలిన దానిలో కొంత అప్పుగా ఇస్తారు. మన దగ్గర 2.5కు తీసుకున్నదే మనకు 7 శాతం పంట రుణంగా తిరిగి వస్తుంది. అంటే మన పైసలు పని చేయకుండా పడి లేవు. పని చేస్తున్నాయి, కానీ మన కోసం కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. బ్యాంకు కొనే ఆ సర్కారు పత్రాలను మనం నేరుగా ఎందుకు కొనకూడదు? వాటిలో తక్కువ గడువు గలవి ట్రెజరీ బిల్లులు. కేంద్ర ప్రభుత్వం తన రోజువారీ ఖర్చుకు పైసలు సరిపోనప్పుడు తీసుకునే చేబదులు లాంటివి. మూడు గడువుల్లో దొరుకుతాయి: 91 రోజులు, 182 రోజులు, 364 రోజులు. రిజర్వు బ్యాంకు మామూలుగా ప్రతి బుధవారం వీటికి వేలం పెడుతుంది. వీటికి వేరే మిత్తి రాయరు. తక్కువ ధరకు కొంటాం, గడువు రోజున పూర్తి విలువ ఖాతాలో పడుతుంది. ఆ తేడానే మన లాభం. కనీసం 10,000 రూపాయల నుంచి కొనవచ్చు. పూచీ కేంద్ర ప్రభుత్వానిది. బ్యాంకు మునిగితే డిపాజిట్ బీమా 5 లక్షల వరకే ఇస్తుంది. మన ఊరి సహకార సంఘంలో పెట్టిన డిపాజిట్‌కు ఆ బీమా కూడా వర్తించదు. ట్రెజరీ బిల్లుకు అలాంటి హద్దు లేదు.

లెక్క చూద్దాం. లక్ష రూపాయల విలువ గల 91 రోజుల బిల్లు, రాబడి సాలుకు 5.5 శాతం అనుకుందాం. దాని ధర సుమారు 98,650 రూపాయలు పడుతుంది. మార్చిలో కొంటే జూన్‌లో లక్ష వస్తుంది. మిగులు 1,350. అదే పైకం సేవింగ్స్‌లో 2.5 శాతానికి పెడితే వచ్చేది 615. రైతు లెక్కలో చెప్పాలంటే, 1,350 అంటే ఒక డీఏపీ బస్తా. 615 అంటే రెండు యూరియా బస్తాలు, పైన చాయ్ ఖర్చు. ఐదు లక్షల పంట అమ్మిన ఇంట్లో ఈ తేడా మూడున్నర వేలు దాటుతుంది. దీనితో ఎవరూ మేడలు కట్టరు. కానీ అది మనది. ఏళ్ల తరబడి మనకు తెలియకుండా బ్యాంకు గల్లాలో పడుతున్న సొమ్ము.

పసుపు రైతుకు 91 రోజుల గడువు కొలిచి కుట్టించినట్టు సరిపోతుంది. మార్చిలో అమ్మకం, జూన్‌లో నాటు. ఇంత సరిగ్గా అతికే సంగతి ఆర్మూర్‌లో ఏ బ్యాంకు మేనేజరైనా రైతుకు చెప్పాడా? మన సభ్యులు కొందరు కౌంటర్ల దగ్గర అడిగి చూశారు. ఒకచోట "అది పెద్దవాళ్లకు" అన్నారు. ఇంకోచోట "ఎందుకవన్నీ, ఈ పాలసీ తీసుకోండి" అని బీమా కాగితం ముందు పెట్టారు. పంట రుణం కోసం వచ్చిన రైతుకు ఇన్సూరెన్సు అంటగట్టడానికి కౌంటర్‌లో మనిషి ఉంటాడు, ఖాళీ ఉంటుంది, తెలుగు వస్తుంది. ట్రెజరీ బిల్లు అడిగితే మాత్రం ముగ్గురూ మాయమవుతారు. కారణం అర్థం కానిది కాదు. పాలసీ అమ్మితే కమీషన్ బాగా వస్తుంది. బిల్లు అమ్మితే సేవింగ్స్‌లో చవకగా పడి ఉన్న పైకం చేజారుతుంది.

దారి లేక కాదు. చిన్న మదుపరుల బిడ్లను బ్యాంకుల ద్వారా వేలానికి పంపే ఏర్పాటు ఏనాటి నుంచో ఉంది. 2021 నవంబర్ 12న ప్రధాని చేతుల మీదుగా రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ పథకం కూడా మొదలైంది. సేవింగ్స్ ఖాతా, పాన్ కార్డు, ఆధార్ లాంటి గుర్తింపు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉంటే రిజర్వు బ్యాంకు దగ్గరే ఖాతా తెరవవచ్చు. దానికి ఫీజు లేదు. నామినీ పేరు రాయవచ్చు. 2024లో దానికి ఫోన్ యాప్ కూడా వచ్చింది. చదువుకున్న పిల్లలున్న ఇంట్లో ఇది ఇవాళే చేసుకోవచ్చు. మరి ఈమెయిల్ లేని ముసలి రైతు, ఫోన్‌లో పైసలంటే మోసమని భయపడే అక్క ఏం చేయాలి? వారి భయం ఉత్తది కాదు, ఫోన్ మోసాలు అలా ఉన్నాయి. వారికి కావాల్సింది యాప్ కాదు, కౌంటర్. పాసుబుక్కు మీద ముద్ర వేసే మనిషి.

"అప్పుల్లో మునిగిన రైతుకు ట్రెజరీ బిల్లులా?" అని కొందరు నవ్వుతారు. ఆ మాటకు నేరుగానే జవాబు చెబుతాం. అప్పు ఉన్నవాడు ముందు అప్పే కట్టాలి. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తి అంటే సాలుకు 24 శాతం. అది నెత్తిన పెట్టుకుని 5.5 శాతానికి బిల్లు కొనడం పొయ్యి మీద పాలు పొంగుతుంటే గడప కడగడం లాంటిది. పంట రుణం గడువు దగ్గర పడితే అదీ ముందే కట్టాలి. 3 లక్షల వరకు రుణం గడువులో కడితే మిత్తి 4 శాతమే పడుతుంది, దాటితే ఆ రాయితీ పోతుంది. అప్పు చేసి బిల్లు కొనవద్దు. ఆ మూడు నెలల్లో ఇంట్లో ఆస్పత్రి ఖర్చో పెళ్లి ఖర్చో ఉంటే దానికి సరిపడా పైకం ఖాతాలోనే ఉంచుకోవాలి. గడువుకు ముందు బిల్లు అమ్మే వీలున్నా ఆ రోజు ధర మన చేతిలో ఉండదు. కొన్నిసార్లు ఎఫ్‌డీ రేటే ఎక్కువ ఉంటుంది, అప్పుడు ఎఫ్‌డీయే మేలు. సాగు ఆదాయానికి పన్ను లేకున్నా ఈ లాభం మాత్రం పన్ను లెక్కలోకి వస్తుంది. ఇవన్నీ చూసుకున్నాకే ముందుకు పోవాలి.

కానీ అప్పులున్నాయన్న మాటను అడ్డం పెట్టుకుని రైతుకు పొదుపే లేదనడం అబద్ధం. పంట అమ్మినప్పుడు మూడు నెలలైనా పైసలుంటాయి. గల్ఫ్ నుంచి వచ్చే పైసలుంటాయి. బిడ్డ పెళ్లికని దాచినవి ఉంటాయి. అవి లేకపోతే బ్యాంకులు మన ఊళ్లలో శాఖలు పెట్టేవా? కంపెనీల ఏజెంట్లు మన గడపల్లో తిరిగేవారా? మనకు పొదుపు ఉందని అందరికీ తెలుసు. అందుకే అందరి కళ్లూ దాని మీద ఉన్నాయి.

ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. బుధవారం జరిగే ఆ వేలంలో పెద్ద బ్యాంకులు ధర పలుకుతాయి. చిన్నవాళ్లు ధర పలకనక్కర లేదు. ఎంతకు కావాలో చెబితే చాలు, పెద్దల వేలంలో తేలిన సగటు ధరకే వారికి బిల్లు ఇస్తారు. వారి కోసం కొంత వాటా వేరుగా ఉంచుతారు. తెలివి తక్కువని, సరుకు తక్కువని చిన్నవాడు మోసపోకూడదన్నది ఆ ఏర్పాటు వెనక ఉన్న ఆలోచన. మంచి ఆలోచనే. మరి నిజామాబాద్ యార్డులో ఏం జరుగుతోంది? 2016లో ఈ-నామ్‌లో చేరిన తొలి యార్డుల్లో మనది ఒకటి. అయినా పది బస్తాలు తెచ్చిన రైతుకు, వంద బస్తాలు తెచ్చిన రైతుకు ఒకే రకం కొమ్ముకు ఒకే ధర పడుతుందన్న పూచీ ఉందా? సర్కారు తాను అప్పు తీసుకునే వేలంలో చిన్నవాడికి సగటు ధర పూచీ ఇస్తుంది. రైతు పంట అమ్ముకునే వేలంలో ఆ పూచీ ఎందుకు ఇవ్వదు?

ఇంకో మాట. ట్రెజరీ బిల్లు గడువు రోజున కేంద్రం ఒక్క పూట వాయిదా కోరదు. పైసలిచ్చిన వాడికి ఇచ్చిన మాట దాటితే రేపు ఎవడూ అప్పు ఇవ్వడని దానికి తెలుసు. రైతుకు ఇచ్చిన మాటకు ఆ గడువు ఎందుకు లేదు? పసుపు బోర్డు కోసం 2019 పార్లమెంటు ఎన్నికల్లో 178 మంది రైతులు నిజామాబాద్‌లో పోటీకి నిలబడ్డారు. బోర్డు ప్రారంభమైంది 2025 జనవరి 14న. బోర్డు వచ్చింది, మద్దతు ధర రాలేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు ఈనాటికీ లేదు. సర్కారుకు అప్పు ఇచ్చేవాడు రోజు లెక్కపెట్టుకుంటాడు. అన్నం పెట్టేవాడు ఏళ్లు లెక్కపెట్టుకుంటాడు. ఈ తేడా పోవాలి.

ట్రెజరీ బిల్లు మద్దతు ధరకు బదులు కాదు. దాన్ని చూపించి "రైతులు పొదుపు చేసుకుని బాగుపడాలి" అని ఎవరైనా ఉపన్యాసం ఇస్తే ఒప్పుకోం. ధర కోసం పోరాటం ధర కోసమే. కానీ పోరాడి సంపాదించిన పైసను కాపాడుకోవడం కూడా పోరాటంలో భాగమే.

అందుకే మా డిమాండ్లు ఇవి:

1. ఆర్మూర్ డివిజన్‌లోని ప్రతి బ్యాంకు శాఖ ఫిబ్రవరి నుంచి మే వరకు, పసుపు అమ్మకాల కాలంలో, ట్రెజరీ బిల్లు దరఖాస్తులు కౌంటర్ దగ్గర తీసుకోవాలి. ఫారం తెలుగులో ఉండాలి.

2. సేవింగ్స్ మిత్తి, ఎఫ్‌డీ మిత్తి, గత వారం 91 రోజుల బిల్లు రాబడి, ఈ మూడూ పక్కపక్కన రాసిన బోర్డు ప్రతి శాఖలో కనబడాలి.

3. పంట రుణానికి వచ్చిన రైతుకు బీమా పాలసీలు అంటగట్టడం ఆపాలి.

4. నిజామాబాద్ యార్డులో చిన్న లాట్లకు, అదే నాణ్యత గల సరుకుకు ఆ రోజు సగటు ధర కన్నా తక్కువ పడకుండా నిబంధన తేవాలి.

5. పసుపును మద్దతు ధర పంటల్లో చేర్చాలి.

మన వైపు నుంచి చేయాల్సినవి కూడా ఉన్నాయి. ప్రతి గ్రామ కమిటీ చదువుకున్న ఇద్దరు పిల్లలను గుర్తించాలి. రిటైల్ డైరెక్ట్ ఖాతా ఎలా తెరవాలో వారు నేర్చుకుని, అడిగిన వారికి పక్కన కూర్చుని చూపించాలి. ఎవరి పాస్‌వర్డూ, ఓటీపీ ఎవరూ అడగకూడదు, సంఘం పేరు చెప్పి అడిగినా ఇవ్వకూడదు. ఎవరి పైసలూ సంఘం చేతికి తీసుకోదు. మీ వాళ్లు బ్యాంకుకు పోయినప్పుడు నోటి మాటతో తిరిగి రాకండి. ట్రెజరీ బిల్లు కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. కాదంటే కాదని రాసిమ్మనండి. ఆ కాగితాలన్నీ కలిపి జిల్లా లీడ్ బ్యాంకు అధికారి టేబుల్ మీద పెడదాం.

పసుపు తవ్వేటప్పుడు మట్టిలో ఒక్క కొమ్ము మిగిలినా వెనక్కి పోయి ఏరుకునేవాళ్లం మనం. అమ్మిన తర్వాత రాలిపోయేదాన్ని మాత్రం ఎందుకు వదలాలి?